ఒక చెయ్యి, మూడు ఆటలు: పదమూడేళ్ల పిచ్చర్ మోచేతి నొప్పి

దసరా సెలవుల్లో ఒక తల్లి తన కొడుకును నల్లగొండలోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి తీసుకొచ్చింది. మర్రిగూడ వైపు పల్లె వాళ్లది. అబ్బాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి, కుడిచేతి వాటం. బేస్‌బాల్‌లో పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు), సాఫ్ట్‌బాల్‌లో క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని ఆ బంతి పట్టేవాడు), రెండూ అండర్-14 జట్లే. ఆరు వారాలుగా కుడి మోచేతి లోపలి వైపు నొప్పి. (తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. ఇంటినీ బడినీ పోల్చుకునే వివరాలు మార్చాను.)

"గట్టిగ ఇసిరితే లోపట గుంజుతది సార్. మెల్లగ ఇసిరితే ఏం గాదు" అన్నాడు. ఎక్కడ నొప్పి అంటే మోచెయ్యంతా అరచేత్తో తడిమి చూపించే పిల్లలే ఎక్కువ. ఇతను ఎడమచేతి బొటనవేలిని లోపలి ఎముక బుడిపె మీద పెట్టి అక్కడే ఆపాడు. ఎదిగే పిల్లలు ఒక్క వేలితో చూపించే నొప్పిని నేను తేలిగ్గా తీసుకోను.

ఆ ఆరు వారాల్లో చేయని వైద్యం లేదు. జిందాతిలిస్మాత్ రాశారు, స్ప్రే కొట్టారు. ఊళ్లో ఒక పెద్దాయన నరం పక్కకు జరిగిందని నూనె పెట్టి గట్టిగా తోమాడు, ఆ రాత్రే వాపొచ్చింది. జిల్లా సెలక్షన్ల ముందు రోజు ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించారు. సెలక్షన్లు జరిగిన రెండు రోజులూ నొప్పి తెలియలేదు. నన్నడిగితే ఎక్కువ నష్టం జరిగింది ఆ రెండు రోజుల్లోనే. నొప్పి తెలియనప్పుడు పదమూడేళ్ల పిల్లవాడు తనంతట తాను ఆగడు, గెలుస్తున్న జట్టులో ఎవరూ ఆపరు.

తల్లి అడిగిన మొదటి ప్రశ్న వేరు. "మా దిక్కు నీళ్లు మంచియి గావు గద సార్, ఫ్లోరైడ్‌తోనేమన్న అయ్యిందా?" మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పుట్టి పెరిగినవాళ్లకు ఎముక నొప్పి అనగానే ఈ భయం రాకపోతేనే ఆశ్చర్యం. కొట్టిపారేయకుండా జవాబు చెప్పాను. ఫ్లోరైడ్ వల్ల ఎముకల్లో వచ్చే మార్పు ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే వస్తుంది. వెన్ను, నడుము, మోకాళ్లు బిగుసుకుంటాయి, రెండు వైపులా వస్తుంది, ఎక్స్‌రేలో ఎముక మామూలు కన్నా చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది. ఈ అబ్బాయి ఊహ తెలిసినప్పటి నుంచి మిషన్ భగీరథ నల్లా నీళ్లే తాగుతున్నాడు. నొప్పి ఒక్క చేతికే, అదీ విసిరే చేతికే, విసిరినప్పుడే. అయినా ఎక్స్‌రేలో ఆ సంగతి కూడా చూడమని ఆర్థోపెడిక్ డాక్టర్‌కి రాసిన చీటీలో ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం తల్లి కోసం.

పరీక్షలో కనిపించినవి

కుడి మోచెయ్యి పూర్తిగా చాచలేకపోతున్నాడు. ఎడమతో పోలిస్తే ఇంకా 10 డిగ్రీలు ఉండగానే ఆగిపోతోంది. బుడిపె మీద నొక్కగానే చెయ్యి లాక్కున్నాడు. మోచెయ్యి లోపలి వైపు తెరుచుకునేలా మెల్లగా ఒత్తిడి పెడితే నొప్పి వచ్చింది కానీ కీలు వదులుగా లేదు. మణికట్టును లోపలికి వంచమని నేను ఎదురు ఆపినప్పుడు కూడా అదే చోట నొప్పి. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కడం లేదు కాబట్టి ఆ వేళ్లకు వెళ్లే అల్నార్ నరం గురించి ప్రస్తుతానికి బెంగ లేదు. మోచెయ్యి ఎక్కడా పట్టేయడం లేదు, తిప్పితే శబ్దం రావడం లేదు. బయటి వైపు నొప్పి, పట్టేయడం ఉంటే అది ఎముక చివర కార్టిలేజ్ దెబ్బతిన్న వేరే జబ్బు కావచ్చు, దాని కథ ఇంతకన్నా పెద్దది.

భుజం కూడా కొలిచాను. మోచేతి నొప్పికి భుజం చూడటమేమిటని తండ్రి అడిగాడు. విసరడమంటే కాలి నుంచి మొదలై నడుము, భుజం, మోచెయ్యి మీదుగా వేళ్ల దాకా వెళ్లే పని. మధ్యలో ఎవరు పని ఎగ్గొట్టినా ఆ బరువు తర్వాతి కీలు మీద పడుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి చెయ్యి పక్కకు 90 డిగ్రీలు ఎత్తి తిప్పి చూస్తే, కుడి భుజం బయటికి 104 డిగ్రీలు, లోపలికి 40 తిరిగింది. ఎడమది బయటికి 94, లోపలికి 62. విసిరే పిల్లల్లో బయటి తిరుగుడు పెరిగి లోపలి తిరుగుడు తగ్గడం మామూలే. చిన్నప్పటి నుంచి విసిరితే చేతి ఎముకే ఆ మెలికకు అలవాటుపడి ఎదుగుతుంది. అందుకే ఒక్క అంకె చూసి కంగారుపడకూడదు, రెండూ కలిపి చూడాలి. ఇతనికి కుడివైపు మొత్తం 144, ఎడమవైపు 156. ఆ 12 డిగ్రీల తేడా ఎముకది కాదు, భుజం వెనక కండరాలు బిగుసుకుపోవడం వల్ల వచ్చింది.

ఒంటికాలి మీద కూర్చుని లేవమంటే ఎడమ మోకాలు లోపలికి వంగి వణికింది. కుడిచేత్తో విసిరేవాడు చివరికి దిగేది ఆ ఎడమ కాలి మీదే.

రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయించాం. "నొప్పి లేని చేతికెందుకు డబ్బులు దండగ" అని తండ్రి గొణిగాడు. ఎదిగే పిల్లల ఎముకలో గ్రోత్ ప్లేట్ (ఎముక ఎదిగే చోటు) గీత ఎలాగూ ఉంటుంది, అది మామూలుగా ఉందో వెడల్పయిందో తేల్చేది రెండో చెయ్యే. ఆర్థోపెడిక్ డాక్టర్ చూసి చెప్పిందిదీ: లోపలి బుడిపె దగ్గర గ్రోత్ ప్లేట్ ఎడమకన్నా కుడివైపు వెడల్పుగా ఉంది, ఎముక ముక్క ఊడి జరగలేదు, ఎముక సాంద్రత మామూలే. పుస్తకంలో పేరు మీడియల్ ఎపికాండైల్ అపోఫిసైటిస్, ఆటగాళ్ల భాషలో లిటిల్ లీగ్ ఎల్బో.

చెయ్యి వెనక్కి పూర్తిగా వాలి ముందుకు దూకే ఆ క్షణంలో మోచేతి లోపలి వైపంతా చీలదీస్తున్నంత లాగుడు పడుతుంది. పెద్దవాళ్లలో ఆ లాగుడుకు లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టే పట్టీ) తెగుతుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి ఆపరేషన్ చేసి బాగుచేసింది టామీ జాన్ అనే పిచ్చర్‌కు తెగిన ఆ లిగమెంట్‌నే. పిల్లల్లో లిగమెంట్ కన్నా గ్రోత్ ప్లేట్ బలహీనం, కాబట్టి ముందు అదే లొంగుతుంది. ఈ బుడిపెలో ఎముక గింజ (ఎముకగా మారే మొదటి చుక్క) ఐదు నుంచి ఏడేళ్ల మధ్య కనిపిస్తుంది. మోచేతిలో మిగతా అన్నిటికన్నా ఆలస్యంగా, అబ్బాయిల్లో 15 నుంచి 17 ఏళ్లకు గానీ అసలు ఎముకతో అతుక్కోదు. అండర్-14, అండర్-17 సెలక్షన్ల వయసు దాదాపు మొత్తం ఆ గీత తెరుచుకునే ఉంటుందన్నమాట.

లెక్క

నిర్ధారణ తేలిగ్గానే అయింది. ఇంత ఎలా అయిందనేదే తేలలేదు. బడి పీఈటీ సార్‌కి ఫోన్ చేస్తే, "మా దగ్గర క్యాచరే గదండీ, పిచింగ్ ఏడుంది?" అన్నారు. బేస్‌బాల్ క్యాంపు కోచ్‌ని అడిగితే, వారానికి ఒకటో రెండో మ్యాచ్‌లు, మ్యాచ్‌కి ఐదు ఇన్నింగ్స్ కన్నా ఎక్కువ వేయించలేదన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఎవరి జట్టు లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది.

అప్పుడు అబ్బాయిని కూర్చోబెట్టి, నొప్పి మొదలైన వారంలో ఒక శనివారం పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏమేం విసిరాడో కాగితం మీద వేయించాను. పిల్లల జ్ఞాపకం గొప్పది, ఎవరిని అవుట్ చేశాడో కూడా చెప్పాడు. పొద్దున బేస్‌బాల్ వార్మప్‌లో 40 త్రోలు. మ్యాచ్ ముందు పక్కన నిలబడి వేసినవి 30. మ్యాచ్‌లో పిచ్‌లు (బ్యాటర్‌కి విసిరిన బంతులు) 78, ఇది స్కోర్‌షీట్ చూసి లెక్కగట్టింది. ఇన్నింగ్స్ మధ్యలో వేసినవి మరో 30. మధ్యాహ్నం తిని సాఫ్ట్‌బాల్‌కి వెళ్లి క్యాచర్‌గా కూర్చున్నాడు. ప్రతి పిచ్‌కీ బంతి తిరిగి పిచ్చర్‌కి వేయాలి, అవి 90 దాకా. అవకాశం చూసి తర్వాతి బేస్‌కి (పరుగులో తాకాల్సిన మజిలీ) దూకేవాణ్ని ఆపడానికి సెకండ్ బేస్‌కి బలం కొద్దీ వేసినవి 10. సాయంత్రం ఊరికొచ్చాక అలవాటుగా క్రికెట్, బౌండరీ దగ్గర నిలబడి విసిరినవి 30.

మొత్తం 308. ఆ రోజు ఎవరైనా రాసుకుని ఉంటే రాసుకునే అంకె 78.

క్యాచర్ పిచ్చర్‌కి తిప్పి వేసే మెత్తటి త్రో, బలంగా వేసే పిచ్ ఒకటి కాదు. ఆ 308లో సగానికి పైగా తేలికవే. కానీ సెకండ్ బేస్‌కి వేసే త్రో తేలికది కాదు. బేస్‌కీ బేస్‌కీ 60 అడుగులుండే సాఫ్ట్‌బాల్ మైదానంలో అది దాదాపు 85 అడుగులు, 90 అడుగులుండే బేస్‌బాల్ మైదానంలో 127 అడుగులు. అదీ మోకాళ్లు మడిచి కూర్చున్నవాడు లేస్తూ లేస్తూ, కాళ్ల ఊతం కుదరకుండా, చేతి బలంతోనే వేయాలి. పైగా బంతి మారుతోంది. బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములు. 12 అంగుళాల సాఫ్ట్‌బాల్ సుమారు 178 నుంచి 198 గ్రాములు. ఈ అబ్బాయి అరచెయ్యి ఆ పెద్ద బంతి చుట్టూ పట్టదు. గట్టిగా బిగించి పట్టుకోవాలి, ఆ పట్టు బిగించే కండరాలు మొదలయ్యేది సరిగ్గా ఆ బుడిపె దగ్గరే.

మా వైపు రైతులకు ఒక్క మాటలో చెప్పాలంటే ఇది ఒకే బోరుకు మూడు మోటార్లు పెట్టడం. తండ్రికి ఎక్స్‌రే కన్నా ఈ మాటే ముందు అర్థమైంది.

అమెరికాలో ఈ లెక్క ఎప్పుడో మొదలైంది. పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ వాళ్లు 2007లో ఇన్నింగ్స్ లెక్క మానేసి పిచ్‌ల లెక్క తెచ్చారు. 2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి పిచ్ స్మార్ట్ పేరుతో వయసువారీ పట్టిక ఇచ్చాయి. దాని ప్రకారం 9–10 ఏళ్లకు రోజుకు 75, 11–12 ఏళ్లకు 85, 13–14 ఏళ్లకు 95 పిచ్‌లు హద్దు. అంతకన్నా ముఖ్యమైంది విశ్రాంతి. 14 ఏళ్ల లోపు వాళ్లు 20 దాకా వేస్తే మర్నాడు కూడా వేయొచ్చు. 21 నుంచి 35 అయితే ఒక రోజు, 50 దాకా రెండు, 65 దాకా మూడు, 66 దాటితే నాలుగు రోజులు ఆగాలి. పిచ్చర్‌గా ఆడినవాణ్ని అదే రోజు క్యాచర్‌గా కూర్చోబెట్టొద్దు. ఏడాదిలో నాలుగు నెలలు పిచింగ్ ఉండకూడదు, అందులో రెండు మూడు నెలలు వరసగా భుజం పైనుంచి విసిరే పనే పెట్టుకోకూడదు.

ఈ అబ్బాయి 78 వేసి అదే మధ్యాహ్నం క్యాచర్‌గా కూర్చున్నాడు, మర్నాడు ఆదివారం మళ్లీ పిచింగ్ చేశాడు. ఆ 95 హద్దు దాటలేదు, నిజమే. హద్దు మాత్రమే చూసి విశ్రాంతి గడి వదిలేస్తే పట్టిక ఉండీ లేనట్టే.

అలసట గురించి 2006లో ఓల్సెన్, ఫ్లీసిగ్ బృందం ప్రచురించిన పరిశోధన ఒకటుంది. చేతికి ఆపరేషన్ అయిన కుర్ర పిచ్చర్లను, ఏ దెబ్బా లేనివాళ్లతో పోల్చారు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పిచింగ్ చేసేవాళ్లలో ప్రమాదం ఐదు రెట్లు, మ్యాచ్‌కి సగటున 80 పిచ్‌లు దాటేవాళ్లలో దాదాపు నాలుగు రెట్లు కనిపించింది. చెయ్యి అలసిపోయినా తరచూ వేస్తూ పోయేవాళ్లలో 36 రెట్లు. కోచ్‌లు నన్ను ఎక్కువగా అడిగేది కర్వ్ (వంపు తిరిగే బంతి) వేయించొచ్చా అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ నా వరుసలో అది మూడోది. అలసట, మొత్తం లెక్క దాని కన్నా ముందున్నాయి.

చికిత్స

విసరడం పూర్తిగా బంద్, ఆరు వారాలు. బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, క్రికెట్, మామిడికాయకి రాయి కూడా. పరుగు, బేస్ రన్నింగ్ చేసుకోవచ్చు. బ్యాటింగ్ మూడో వారం తర్వాత, నొప్పి లేకపోతేనే. నొప్పి మాత్ర వేసుకుని ఆడటం కుదరదు. కట్టు, ప్లాస్టర్ అవసరం పడలేదు.

ఈ మాట విన్నాక ఆ గదిలో మాటలు పెరిగాయి. రాష్ట్ర స్థాయి పోటీలు ముందున్నాయి. "ఈడు లేకుంటే టీమే లేదు సార్, రెండు మ్యాచ్‌లు ఆడనియ్యండి" అన్నారు పీఈటీ సార్. ఆయన్ని తప్పుపట్టలేను. గ్లవ్స్ సగం తన జేబులోంచి కొన్న మనిషి, పద్నాలుగు మంది పిల్లల్లో స్ట్రైక్ జోన్‌లో (పిచ్ పడాల్సిన హద్దులో) వేసేవాడు వీడొక్కడే. ఇప్పుడు ఆగితే నెలన్నర, ఆ ముక్క ఊడితే స్క్రూ పెట్టాల్సి రావొచ్చు అని చెప్పాను. ఎక్స్‌రే రెండూ పక్కపక్కన కిటికీ వెలుతురుకు పెట్టి ఆయన్నే గీతల తేడా పోల్చుకోమన్నాను. చాలాసేపు చూసి, "ఫస్ట్ బేస్ దగ్గర నిలబెట్టనా?" అన్నారు. ఆరు వారాల తర్వాత నిలబెట్టండి అన్నాను.

వ్యాయామాలకు కొన్న సామాను లేదు. పాత సైకిల్ ట్యూబ్‌ని నిలువుగా చీరి కిటికీ చువ్వకు కట్టాం. ట్యూబ్ మొత్తం మందం పిల్లలకు ఎక్కువవుతుంది, చీరితేనే సరిపోతుంది. మోచెయ్యి నడుముకు ఆనించి మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టి, చెయ్యి బయటికి తిప్పడం. తువ్వాలు జారితే ఆ సారి లెక్కలోకి రాదు. బోర్లా పడుకుని చేతులు వై ఆకారంలో, టీ ఆకారంలో ఎత్తడం భుజం పలక కండరాలకు. భుజం వెనక బిగుసుకున్నదానికి చేతిని ఛాతీ అడ్డంగా లాగి పట్టుకునే స్ట్రెచ్, అదీ నొప్పి రాకుండా. అర లీటరు సీసాలో ఇసుక పోసి మణికట్టుకు, నొప్పి తగ్గిన మూడో వారం నుంచి. నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది కాళ్ల మీద: లంజ్‌లు, ఒంటికాలి మీద కూర్చుని లేవడం, ప్లాంక్. అబ్బాయికి ఇవి అస్సలు నచ్చలేదు. "చెయ్యి నొస్తే కాళ్లకెందుకు" అని వాళ్ల నాన్న మాటే మళ్లీ అడిగాడు.

ఆరో వారం చివరికి మోచెయ్యి పూర్తిగా చాచగలిగాడు, బుడిపె మీద నొక్కితే నొప్పి లేదు, భుజం మొత్తం తిరుగుడులో తేడా 4 డిగ్రీలకు వచ్చింది. డాక్టర్ మళ్లీ చూసి సరేనన్నాక బంతి చేతికిచ్చాం. మొదట 30 అడుగులు, 25 త్రోలు రెండు విడతలు, మధ్యలో పది నిమిషాలు కూర్చోవాలి. రోజు విడిచి రోజు. నొప్పి లేకుండా రెండుసార్లు అయితే 45 అడుగులు, ఆ తర్వాత 60, 90. నొప్పి వస్తే ఒక మెట్టు కిందికి. 60 అడుగుల దగ్గర ఒకసారి గుంజింది. ఆ రోజు తమ్ముడితో పందెం వేసి 90 అడుగులు విసిరాడని తర్వాత తేలింది. మళ్లీ 45కి దింపాం. పిచ్చర్ నిలబడే దిబ్బ మీంచి సగం బలంతో పిచింగ్ మొదలయ్యేసరికి సంక్రాంతి దాటింది. రాష్ట్ర పోటీలు అతను లేకుండానే అయిపోయాయి.

బడిలో మారింది

పీఈటీ సార్ స్కోర్‌షీట్ పక్కన ఇంకో కాగితం పెట్టడం మొదలుపెట్టారు. దాంట్లో జట్టు పేరు ఉండదు, పిల్లవాడి పేరు ఉంటుంది. బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, క్యాంపు ఏదైనా సరే అదే వరుసలో రాయాలి. లెక్కపెట్టడానికి, జపం చేసేవాళ్లు వేలికి పెట్టుకుని నొక్కే చిన్న కౌంటర్ ఉంటుంది చూడండి, చెర్వుగట్టు జాతరలో కొన్నది ఒకటి ఎవరింట్లోనో ఉంటే తెచ్చారు. బెంచీ మీద ఉన్న పిల్లల్లో ఒకరు దాన్ని వేలికి పెట్టుకుని పిచ్ పడ్డప్పుడల్లా నొక్కుతారు. 50 అయ్యాక గట్టిగా అరవాలి. బెంచీ మీద కూర్చోవడం కన్నా ఈ పనికే ఇప్పుడు పోటీ.

ఇంకో ఇద్దరికి పిచింగ్ నేర్పుతున్నారు. అంకె రాకముందే అలసటను పట్టుకోవడం ఎలాగో కూడా మాట్లాడుకున్నాం: బంతి ఎత్తుగా పోవడం మొదలవుతుంది, మోచెయ్యి భుజం ఎత్తుకు కిందికి జారుతుంది, పిచ్‌కీ పిచ్‌కీ మధ్య ఎక్కువ సేపు తీసుకుంటాడు, చెయ్యి దులుపుతాడు. వీటిలో రెండు కనిపిస్తే 50 కాకున్నా మార్చేయాలి. "నొస్తందా?" అని అడిగితే ఏ పిల్లవాడూ నొస్తందని చెప్పడు. ఆటలో ఉన్నవాణ్ని అడగకూడదు, చూడాలి.

ఫాలో-అప్‌కి వచ్చినప్పుడు అబ్బాయి అక్క కూడా తోడొచ్చింది. పదిహేనేళ్లు, సాఫ్ట్‌బాల్ పిచ్చర్. తమ్ముడి కాగితం తిప్పి చూసి, "మాది కిందికెల్లి ఏసుడు గద సార్, మాకేం గాదంట గద?" అంది. ఈ నమ్మకం కోచ్‌ల్లో కూడా గట్టిగా ఉంది, ఒకే అమ్మాయితో రోజుకు రెండు మూడు మ్యాచ్‌లు వేయించేది ఈ ధైర్యంతోనే. విండ్‌మిల్ (చెయ్యి గుండ్రంగా తిప్పి కిందినుంచి వేసే) పిచింగ్‌లో మోచేతి మీద పడే తీరు వేరు కావచ్చు, భుజానికి మాత్రం సెలవు లేదు. చెయ్యి గుండ్రంగా తిరిగి కిందికి వచ్చేటప్పుడు భుజాన్ని గూటిలోంచి లాగే బలం ఒంటి బరువులో 80 శాతం, అంతకు పైన కూడా నమోదైంది. దాన్ని ఆపడానికి ముందువైపు బైసెప్స్ చాలా కష్టపడుతుంది. ఆ అమ్మాయి భుజం ముందు భాగంలో బైసెప్స్ తాడు మీద వేలు పెట్టి కొంచెం నొక్కగానే ముఖం ముడిచింది. రెండు నెలల నుంచి నొస్తోందట, తమ్ముడి చికిత్స ఖర్చు చూసి ఇంట్లో చెప్పలేదు.

ఆమెకు ప్రస్తుతం పిచింగ్ ఆపి, అదే సైకిల్ ట్యూబ్‌తో భుజం వ్యాయామాలు మొదలుపెట్టాం. కాగితంలో ఆమె పేరు కూడా చేరింది. తమ్ముడు ఇప్పుడు మ్యాచ్‌కి 40 పిచ్‌లకు మించకుండా వేస్తున్నాడు, క్యాచర్ గ్లవ్ తీసేశారు. అండర్-17కి వెళ్లేసరికి పదిహేను నిండితే పట్టికలో వరుస మారుతుంది, 76 దాటితే నాలుగు రోజులు ఆగాలి. అప్పటికీ ఆ గ్రోత్ ప్లేట్ మూసుకుని ఉండకపోవచ్చు కాబట్టి, వచ్చే సీజన్ సెలక్షన్లకు ముందు, జూన్‌లో బళ్లు తెరవగానే ఒకసారి భుజం, మోచెయ్యి కొలిపించుకుని వెళ్లమని రాసిచ్చాను.